తెర మధ్యలో బొట్టు

కంప్యూటరు గురించి రెండు ముక్కలు తెలిసినవాడి బతుకు వీధి కుళాయి లాంటిది. ఎవరైనా వచ్చి తిప్పుకోవచ్చు. ఈ బెంగాలీ మహానగరంలో, మెటియాబ్రుజ్ దగ్గర మా కార్పొరేషన్ క్వార్టర్లలో ఆ కుళాయిని నేనే. ఎప్పుడో పదేళ్ళ కిందట ఎవరి ప్రింటరో బాగుచేసిన పాపానికి, ఇప్పటికీ ఎవరి ఫోను ఆగిపోయినా "రమణబాబున్నాడా" అంటూ మా తలుపే కొడతారు. కనీసం టీ తాగి వెళ్ళమని అన్నవాళ్ళు తక్కువ. అన్నవాళ్ళలో కింది వాటాలో ఉండే పుష్పరాణి అక్క ఒకతి. అందుకే ఆమె మానిటరు కొనాలన్నప్పుడు కాదనలేకపోయాను. నాలుగు శనివారాలు పోయాయి.

ఆమెది నలభై నాలుగేళ్ళ వయసు. భర్త మల్లేశుది పంపు హౌస్‌లో డ్యూటీ. అత్త అప్పలకొండమ్మ ముప్ఫై నాలుగేళ్ళు ఈ ఊరి రోడ్లు ఊడ్చి రిటైరైంది. మా తాతలందరూ శ్రీకాకుళం వైపు నుంచి ఈ పనికే వచ్చారు. చీపురు తండ్రి నుంచి కొడుక్కి, అత్త నుంచి కోడలికి ఆస్తిలా దిగుతూ వచ్చింది. అప్పలకొండమ్మ మాత్రం కోడలికి దిగనివ్వలేదు. "నా సేతిలో సీపురు నాతోనే పోవాల" అని ఆమెను కంప్యూటరు క్లాసుకి తోలింది. కుర్చీలో కూర్చుని సంపాదించిన మొదటి మనిషి ఆ ఇంట్లో పుష్పరాణే. కుర్చీలో కూర్చుంటే అలుపుండదని మా వాళ్ళందరి నమ్మకం. ఆమె మొహం చూస్తే ఆ నమ్మకం పోతుంది.

ఒక ప్రైవేటు కంపెనీ పాత ఇళ్ళ రిజిస్టర్లను ఫొటోలు తీసి, అందులోని నంబర్లను వార్డు మ్యాపుల మీదకి ఎక్కిస్తోంది. అవి సరిగ్గా ఎక్కాయో లేదో ఇంట్లోనే కూర్చుని చూడటం ఆమె పని. చిన్న ల్యాప్‌టాప్‌లో రిజిస్టరు పేజీ తెరిస్తే మ్యాపు కనపడదు, మ్యాపు తెరిస్తే పేజీ కనపడదు. అటూ ఇటూ మారుస్తూ నంబరు గుర్తుపెట్టుకోవాలి. ఎప్పటి గుమాస్తాలో రాసిన మూడులు, ఎనిమిదులు కవలపిల్లల్లా ఉంటాయి. సాయంత్రానికి ఆమె కళ్ళు ఎర్రగా వాచిపోయేవి. తప్పులు ఎక్కువయ్యాయని కంపెనీ వాళ్ళు మూడు నెలల గడువిచ్చారు. తగ్గకపోతే ఇంక రానక్కర్లేదన్నారు.

"కళ్ళు పోయినా పర్లేదు తమ్ముడూ, పని పోకూడదు" అంది. నాకు ఒళ్ళు మండింది. కళ్ళు పోయాక పనేమిటి? కానీ అలసిపోయినవాళ్ళతో వాదించటం నాకు చేతకాదు. కంప్యూటరు సామానంతా దొరికే చాందినీ బజారుకి బస్సెక్కాం.

చాందినీ సంగతి వెళ్ళినవాళ్ళకి తెలుసు. ఒక్కో కొట్టూ అగ్గిపెట్టెంత, అందులో గోడ నిండా తెరలు. ప్రతి తెర మీదా అవే చిలకలు, అవే జలపాతాలు. పుష్పరాణి అక్క చేతిసంచీలోంచి పెన్‌డ్రైవ్ తీసి, "ఈ చిలకలు నాకెందుకు దాదా, నా పేజీ వేసి చూపించు" అనేది. అందులో ఆమె రిజిస్టరు పేజీ ఒకటి ఉండేది. అన్నిటికంటే అధ్వాన్నమైన పేజీ, నీళ్ళు పడి సిరా కారినది. చిలకల దగ్గర తళతళలాడిన తెరలు ఆ పేజీ దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నమిలేవి. ఇరవై ఏడు అంగుళాల తెరలో మ్యాపూ పేజీ పక్కపక్కన ఇరుగ్గా పట్టాయి. ముప్ఫై రెండు అంగుళాల మామూలు తెరలో పట్టాయి గానీ అక్షరాల అంచులు పలుకులు పలుకులుగా కనిపించాయి. అదే సైజులో, చుక్కలు బాగా ఎక్కువుండే ఫోర్‌కే తెర పెడితే మూడు మూడులాగే ఉంది, ఎనిమిది ఎనిమిదిలాగే ఉంది. ఆమె చాలాసేపు దాని ముందు నిలబడిపోయింది.

అయినా కొనలేదు. తెర అద్దంలా మెరుస్తోందని. వాళ్ళ గదికి ఒకటే కిటికీ, దానికి ఎదురుగా దర్జీల కార్ఖానా, అక్కడ పగలంతా ట్యూబులైట్లు. ఆ లైట్లన్నీ తెర మీద పడతాయట. "మెరవనిది చూపించు దాదా" అంటూ మూడో శనివారం కూడా గడిపేసింది. నేను కాళ్ళు పీక్కుపోయి ఒక డబ్బా మీద కూర్చున్నాను.

నాలుగో శనివారం దొరికింది. ముప్ఫై రెండు అంగుళాలు, ఫోర్‌కే, బియ్యప్పిండి రాసినట్టు మెరుపు లేని తెర. కొట్టతను అలవాటుగా అడిగాడు, ఆటలు ఆడతారా దీదీ, ఆటలకైతే సెకనుకి నూటనలభై నాలుగుసార్లు బొమ్మ మారేది తీసుకోండి, అని. ఆమె మొహం చిన్నబుచ్చుకుంది, దొంగతనం బయటపడ్డట్టు.

"ఆడతాను. నా ఆటలో రాళ్ళు కదలవు దాదా. మామూలుదే ఇయ్యి."

అది జతల ఆట. తెర నిండా పూలూ పిట్టలూ గీసిన రాళ్ళు పేర్చి ఉంటాయి, ఒకేలాంటి రెంటిని వెతికి నొక్కితే మాయమవుతాయి. మధ్యాహ్నం పావుగంట, సాయంత్రం పావుగంట. ఆమెకి రోజు మొత్తంలో తనకంటూ ఉన్నది ఆ అరగంటే. మొదట్లో అప్పలకొండమ్మ "రాళ్ళేరుకునే పనికి కంపూటరేటి" అని సణిగేది. తర్వాత వెనక నిలబడి చూడటం మొదలెట్టింది. ఒక్క అక్షరం రాని ఆ మనిషికి రోడ్డు మీద చిల్ల పెంకు కూడా తప్పించుకోలేని కళ్ళున్నాయి. "అదిగో ఆ మూల పిట్ట, దాని జత ఇక్కడుంది సూడు" అని ఈమె కంటే ముందే చెప్పేసేది. అత్తాకోడళ్ళు కలిసి నవ్వుకోవటం నేను చూసింది ఆ పావుగంటల్లోనే.

మానిటరు పెట్టిన రోజు అక్షరాలు చీమల్లా వచ్చాయి. సెట్టింగులో నూటయాభై శాతానికి పెంచితే కుదురుకున్నాయి. ఎడమ పక్క రిజిస్టరు, కుడి పక్క మ్యాపు. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. వాలి కూర్చుని పనిచేయటం ఆమెకి అదే మొదటిసారి.

ఐదు రోజులకి విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు ఈ ఊళ్ళో పనిముట్టన్నదానికల్లా పూజే. దర్జీల వీధి దాటితే లారీలకీ లేత్ మిషన్లకీ దండలు. అప్పలకొండమ్మ సర్వీసులో ఉన్నన్నాళ్ళూ తన చీపురుకీ చెత్తబండికీ పసుపు రాసి బొట్టు పెట్టేది. ఆ ఏడు పుష్పరాణి అక్క పొద్దున్నే ఆఫీసు మీటింగుకి వెళ్ళింది. ముసలామె స్నానం చేసి, నూనెలో పసుపు కలిపి, కోడలి పనిముట్టు ముందు నిలబడింది. దానికి చుట్టూ చెక్క లేదు, అంచు గోరంత కూడా లేదు. ఇప్పటి మానిటర్లన్నీ అంతే, అంతా తెరే. నుదురనేది మధ్యలో ఉంటుంది కదా అని మధ్యలోనే పెట్టింది. అరచేయంత పసుపు, దాని మీద కుంకుమ.

అక్కడితో ఆగినా బాగుండేది, తడిగుడ్డతో మెల్లగా తుడిస్తే చాలావరకు పోయేది. కానీ మధ్యాహ్నానికి కుంకుమ కిందికి కారింది. మరక చూసి ఊరుకునే మనిషి కాదు ఆవిడ, ఆ గుణంతోనే ముప్ఫై నాలుగేళ్ళు అన్నం తింది. చింతపండు పెట్టి రుద్దింది. పోలేదు. గిన్నెలు తోమే పొడి వేసి కొబ్బరిపీచుతో రుద్దింది. మరక పోయింది, తెర పైపూత కూడా పోయింది.

నేను చూసేసరికి సాయంత్రం. తెర నడిమధ్యన అరచేయంత మేర మసక, చలికాలం గంగ మీద మంచులా. దాని కింద ఏ అంకె పెట్టినా అలుక్కుపోయింది. సర్వీసువాళ్ళకి ఫోను చేస్తే చేజేతులా చేసినదానికి గ్యారంటీ లేదన్నారు. నాలుగు శనివారాలు నా కళ్ళ ముందు తిరిగాయి. మెరవని తెర కోసం అంత తిరిగితే, ఇప్పుడు సరిగ్గా ఆ మధ్యలోనే ట్యూబులైటు మెరుస్తోంది. ముసలామెని నాలుగు కడిగేద్దామనుకున్నాను.

పుష్పరాణి అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. అత్త వైపు తిరిగి, "బొట్టు పెట్టినావా అత్తా, మంచిది. బాగానే కనపడతంది" అంది. తర్వాత మెట్ల దగ్గర నాతో, "ఆమె సేతులు సూసినావా, పీచు గీరుకుని ఎంతెర్రగా ఉన్నాయో. ఒక్క మాట కూడా అనకు తమ్ముడూ" అంది. ఆమె గొంతులో కోపం కూడా లేదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

మర్నాడు రిజిస్టరుని ఎడమకీ మ్యాపుని కుడికీ ఇంకొంచెం జరిపింది. మధ్యలో జానెడు ఖాళీ వదిలేసింది. తెర పెద్దది కాబట్టి పని సాగింది. ఆట సాగలేదు. రాళ్ళన్నీ మధ్యలోనే పేరుస్తారు, కదిపి పక్కకి జరిపినా సగం మసక కిందికే వచ్చేవి. రెండు రోజులు ప్రయత్నించి మానేసింది. ఆ అరగంట మంచం మీద గోడకి తిరిగి పడుకునేది.

ఆట ఎందుకు మానేశావని అప్పలకొండమ్మ అడగలేదు. అడగకపోవటమే నాకు వింతగా తోచింది. గదంతా తుడిచేది, ఆ బల్ల మాత్రం తుడిచేది కాదు. తెర వైపు వీపు పెట్టి గుమ్మంలో కూర్చునేది. ఇద్దరూ ఒకే గదిలో, ఒకరినుంచి ఒకరు దాక్కుంటూ రెండు నెలలు గడిపారు. టీకి పిలిచినప్పుడల్లా ఆ గదిలో కూర్చోవటం నాకే భారంగా ఉండేది.

గడువు అయిపోయింది. తప్పులు సగానికి తగ్గాయని ఇంకో మూడు నెలలు పొడిగించారు. పర్మనెంటూ కాదు, పండగా కాదు. ఆ సంగతి చెబుతూ ఆమె నాకు టీ ఇచ్చింది. తర్వాత కుర్చీలో కూర్చుని, చాలా రోజుల తర్వాత జతల ఆట తెరిచింది. కాసేపు చూసి, గుమ్మం వైపు తిరగకుండానే పిలిచింది.

"అత్తా, ఇలా రా. నాకు మజ్జిన ఉన్నవి కంటికి ఆనట్లేదు. నీ కళ్ళు మంచివి కదా, సూసి సెప్పు."

ముసలామె లేవలేదు. మళ్ళీ పిలిస్తే వచ్చింది. తెరకి మూరెడు దూరంలో ఆగిపోయింది. చేతులు చీర కొంగులో చుట్టుకుంది, ముట్టుకుంటానేమోనని భయపడ్డట్టు.

"నాకూ ఆనట్లేదే పుష్పా. ఎవులికీ ఆనదు. నానే అరగదీసేసినాను. ఆ రోజే తెల్సు నాకు. బాగుందన్నావు గదా అని నోరు మూసుకున్నాను." కొంగు ఇంకో చుట్టు బిగించుకుంది. "సీపురు నీ సేతికి రాకూడదనుకున్నాను. నా సెయ్యే అడ్డొచ్చీసింది."

పుష్పరాణి అక్క లేచి, తన కుర్చీని కొంచెం పక్కకి లాగి, ముక్కాలి పీట తెచ్చి దాని పక్కన వేసింది.

"అరిగితే అరిగింది అత్తా. నాకూ తెల్సు, నీకూ తెల్సు. ఇంక కూకో. సుట్టూ ఉన్నవి నువ్వు సూడు, నాను నొక్కుతాను. అవి పోతే మజ్జినున్నవి ఏటో మనకే తెలస్తాది."

అప్పలకొండమ్మ కూర్చుంది. కొంగులోంచి ఒక వేలు బయటికి తీసి, తెరకి తగలకుండా చూపించింది.

"ఆ మూల పిట్ట ఉంది. దాని జత కింద."