చిన్నరసం ఢిల్లీ వెళ్ళిన వేసవి

ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి తనమీద తనకుండే నమ్మకం మరే వయసులోనూ ఉండదేమో. ఆ రోజుల్లో నాకు రానిదంటూ ఏదీ లేదని గట్టిగా అనుకునేదాన్ని. హిందీ పరీక్షలన్నీ ఫస్టు క్లాసులో పాసై, ఆగిరిపల్లి దగ్గర ఒక బడిలో హిందీ టీచరుగా చేరి ఏడాది కూడా కాలేదు. హిందీ మాతృభాషగా ఉన్న మనిషితో అప్పటిదాకా ఒక్కమాటైనా మాట్లాడి ఎరగను (విజయవాడ స్టేషన్లో ఒకాయన టైమెంతని హిందీలో అడిగితే కంగారులో వాచీ చూపించాను, దాన్ని కూడా సంభాషణ కింద లెక్కేసుకుంటే తప్ప). అయినా ఢిల్లీ వెళ్ళే అవకాశం వచ్చినప్పుడు, ఇది నాకు కాక ఇంకెవరికి రావాలి అనిపించింది.

అవకాశం నిజానికి వచ్చింది నాకు కాదు. మా బడిలో మూడో తరగతి చదివే ఒక పిల్లకి. దాని అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరి నోటా వచ్చేది కాదు, ఊరంతా చిన్నరసం అనేవాళ్ళు. మనిషి ఆ రకం మామిడికాయంత చిన్నది, మాట ఆ పండంత తీపి. తల్లీతండ్రీ ఇద్దరూ మామిడితోటల్లో పనిచేసేవాళ్ళు. నాన్న చెట్టెక్కి కాయలు కోస్తాడు, అమ్మ షెడ్డులో వాటిని ఏరి పెట్టెలకెత్తుతుంది. అంతకు ముందు ఏడు వాళ్ళు పనిచేసే తోటలోనే ఒక సినిమా తీశారు. పేరున్న హీరోలెవరూ లేని చిన్న సినిమా. కాయలు కోస్తూ చెట్టు మీంచి పడిపోయిన ఒక కూలీ, అతని కూతురు, అదే కథ. కూతురి వేషానికి డైరెక్టరు గారు చిన్నరసాన్ని ఎంచుకున్నారు. ఆ సినిమా వచ్చిందీ వెళ్ళిందీ మాలో చాలామందికి తెలియనే లేదు. ఆ తర్వాత ఒకరోజు టీవీలో జాతీయ అవార్డులు చదువుతూ, ఉత్తమ బాలనటి అని మా పిల్ల అసలు పేరు చెప్పారు. అది ఎవరి పేరో మాకు అర్థమవడానికి కొంచెం టైము పట్టింది.

మా హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, "పిల్లా, తల్లీ ఎప్పుడూ బెజవాడ దాటలేదమ్మా. అక్కడంతా హిందీ. మీరు తోడు వెళ్ళిరండి" అన్నారు. కోతలు ముమ్మరంగా సాగే రోజులు కావడంతో తండ్రికి రావడం కుదరలేదు. టిక్కెట్లు సినిమావాళ్ళే తీశారు. నేను పట్టుచీర ఒకటి కొత్తగా కొనుక్కుని, విమానంలో కిటికీ పక్కన కూర్చుని, ఢిల్లీలో మాట్లాడబోయే వాక్యాలు మనసులోనే వల్లె వేసుకున్నాను. దిగగానే మాకోసం వచ్చిన కారు డ్రైవరుతో, "కృపయా హమేఁ హమారే గంతవ్య స్థాన్ తక్ పహుఁచా దీజియే" అన్నాను, దయచేసి మమ్మల్ని మా గమ్యస్థానానికి చేర్చమని. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఎంతో మర్యాదగా, "వేర్ గోయింగ్ మేడమ్?" అన్నాడు. హోటల్లో రొట్టెలు తెచ్చిన కుర్రాడు మాట్లాడిందాంట్లో నాకు తెలిసిన ముక్క ఒక్కటీ దొరకలేదు. ఢిల్లీవాళ్ళకి హిందీ సరిగా రాదేమోనని కూడా ఆ పూట అనుమానించాను.

అవార్డులిచ్చే ముందురోజు ఆ పెద్ద హాల్లోనే రిహార్సలు పెట్టారు. ఎలా నడవాలి, ఎక్కడ ఆగాలి, మెడల్ అందుకుని ఎటు తిరగాలి అన్నీ ఒక అధికారిణి ఓపిగ్గా చెబుతున్నారు. వరసల్లో పేపర్లలో చూసిన మొహాలెన్నో. వాళ్ళూ మాలాగే బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. పేరు పిలిచినప్పుడు ఆ అవార్డు ఎందుకిచ్చారో హిందీలో చదువుతారు. చిన్నరసం పేరు రాగానే ఆ ప్రకటన మొదలైంది. ఎంత స్వచ్ఛమైన హిందీ అనుకున్నారు, ఒక్కో మాటా నా పాఠ్యపుస్తకంలోంచి లేచి వచ్చినట్టుంది. ఢిల్లీలో అడుగుపెట్టాక మొదటిసారి నాకు అంతా అర్థమైంది. ఆ సంబరంలో, పక్కనున్న చిన్నరసం "ఏమంటున్నారు టీచర్?" అనగానే ఆగకుండా తెలుగులో చెప్పేశాను. "చెట్టు మీంచి పడిన తండ్రి కోసం బిడ్డ పడిన వేదనను కళ్ళకు కట్టినందుకు ఇస్తున్నారట."

పిల్ల కదల్లేదు. వేదిక మీంచి ఆవిడ రెండోసారి పిలిచారు. "వెళ్ళమ్మా" అన్నాను. కుర్చీ పిడి గట్టిగా పట్టుకుని, "నాకొద్దు టీచర్" అంది. వాళ్ళమ్మ బతిమాలింది, నేను నచ్చజెప్పాను (ఎవరికి ఏం నచ్చజెబుతున్నానో నాకే తెలియకుండా). చివరికి ఆ అధికారిణి తర్వాతి పేరుకు వెళ్ళిపోయారు. మేం పిల్లని బయట వరండాలోకి తీసుకొచ్చాం. అక్కడ చిన్నరసం, వాళ్ళమ్మ చీర కొంగు నలుపుతూ, అసలు సంగతి చెప్పింది. షూటింగులో ఎన్నిసార్లు తీసినా తనకి ఏడుపు రాలేదట. అప్పుడు డైరెక్టరు గారు పక్కకి పిలిచి, మీ నాన్న నిజంగానే చెట్టు మీంచి పడిపోయాడు, విస్సన్నపేట ఆసుపత్రికి తీసుకెళ్ళారు అన్నారట. ఇది ఏడ్చింది. వాళ్ళు తీశారు. తర్వాత నాన్నని తీసుకొచ్చి చూపించి, అందరూ నవ్వి, చాక్లెట్లు పెట్టారట.

"ఇప్పుడు మళ్ళీ పడ్డాడేమో అమ్మా" అంది చిన్నరసం. "ఈసారి మనకి చెప్పట్లేదు. పడితేనేగా ఇస్తారు."

వాళ్ళమ్మ మొహంలో రంగు మారిపోయింది. షూటింగు రోజు ఆవిడ షెడ్డులో పనిలో ఉంది, ఈ సంగతి ఇప్పుడే వినడం. లేచి హాల్లోకి వెళ్ళి డైరెక్టరు గారిని వెంటబెట్టుకొచ్చింది. ఆయనకీ ఆ సినిమాకే అవార్డు వచ్చింది. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో, అప్పటిదాకా నవ్వుతూ ఎవరితోనో ఫొటోలు దిగుతున్నారు.

"సినిమా అన్నాక ఏడిపిస్తారు, నాకూ తెలుసు సార్" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "మీరు ఎంచుకున్న మాటే బాలేదండి. ఆయన చెట్టెక్కిన ప్రతిరోజూ మా ఇంట్లో మేం పైకి అనకుండా దాచుకునే మాట అది."

ఆయన పిల్ల ముందు గచ్చుమీద చతికిలబడ్డారు. "ఆరోజు నేను నీకు అబద్ధం చెప్పాను. చెప్పకూడదు. రేపు నువ్వు రానంటే నేనే వాళ్ళతో మాట్లాడతాను, నిన్నెవరూ ఒక్కమాటా అనరు" అన్నారు. ఆ మాటతో దాని చేతి బిగువు కొద్దిగా సడలింది. కానీ నమ్మలేదు. ఇదే మనిషి ఇలాగే ముందు కూర్చుని ఇంతే మెల్లగా మాట్లాడి ఏడిపించాడు కదా.

నాన్నకి ఫోను చేశాం. మోగి మోగి ఆగిపోయింది. చొక్కా షెడ్డులో తగిలించి చెట్టెక్కుతాడు, ఫోను ఆ జేబులోనే ఉంటుంది. మోగినకొద్దీ చిన్నరసం మొహం చిన్నబోయింది. ఇక నేను హెడ్మాస్టరు గారికి చేశాను. ఆయన బడి వేసవి సెలవుల్లో కూడా ఇస్త్రీ చొక్కా తీయని మనిషి. "ఏమ్మా, రాష్ట్రపతి గారిని చూశారా?" అన్నారు. నేను విషయం చెప్పాను. ఏ ప్రశ్నా వేయకుండా స్కూటరు తీసి ఆ ఎండలో తోటకి వెళ్ళారు. కాసేపటికి ఆయన ఫోన్లోంచే తండ్రి గొంతు వినిపించింది.

"ఏంటి అమ్మలూ, బాగున్నావా?"

"నాన్నా, ఎక్కడున్నావు?"

"కొమ్మ మీదున్నానమ్మా. మాస్టారు ఫోను కాయలు కోసే చిక్కంలో పెట్టి పైకి అందించారు."

"దిగు."

"రెండు కాయలున్నాయి, కోసేసి..."

"దిగి మాట్లాడు."

ఆకుల చప్పుడు, ఎవరో నవ్వడం వినిపించాయి. తర్వాత దిగానన్నాడు. చిన్నరసం దానికీ ఒప్పుకోలేదు, మాస్టారికి ఇవ్వమంది. "సార్, మా నాన్న నేలమీదే ఉన్నాడా?" అని అడిగింది. మా హెడ్మాస్టరు గారు, పదో తరగతి ఫలితాలు చదివేటప్పుడు వాడే గొంతుతో, "ఉన్నాడమ్మా. నా పక్కనే నిలబడ్డాడు. రెండు కాళ్ళూ నేలమీదే ఉన్నాయి" అన్నారు. నాకు నవ్వొచ్చింది. వాళ్ళమ్మ మాత్రం కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అప్పుడు పిల్ల తన షరతు చెప్పింది. రేపు నేను స్టేజి దిగేదాకా నువ్వు చెట్టెక్కొద్దు. తోట గుత్తకు తీసుకున్నాయన ఏమంటాడోనని తండ్రి కొంచెం నసిగాడు గానీ, చివరికి సరేనన్నాడు. (మర్నాడు ఆ పూటకి తోటలో కోతే ఆగిపోయిందని, అందరూ రోడ్డుమీది టీకొట్టు టీవీ ముందు చేరారని, గుత్తకు తీసుకున్నాయనే ముందు కుర్చీలో కూర్చున్నాడని తర్వాత తెలిసింది.)

మర్నాడు చిన్నరసం పేరు పిలిచారు. అదే ప్రకటన చదివారు. నేను ఈసారి ఒక్క ముక్కా తెలుగులో చెప్పలేదు. దాని వేళ్ళు నా చేతిలోంచి మెల్లగా జారాయి. ఎర్ర పరికిణీ కాళ్ళకి అడ్డం పడకుండా ఒక చేత్తో పైకి పట్టుకుని వెళ్ళింది. మెడల్ ఇస్తూ రాష్ట్రపతి గారు వంగి ఏదో అడిగారు. ఇది తలెత్తి ఏదో చెప్పింది. హాలంతా చప్పట్లు. తిరిగొచ్చి కూర్చోగానే, "ఏం అడిగారే?" అన్నాను ఆత్రంగా.

"తెలీదు టీచర్. హిందీ కదా."

"మరి నువ్వేం చెప్పావు?"

"మా నాన్న కిందే ఉన్నాడని చెప్పాను."

ఆ తర్వాత అది మళ్ళీ సినిమాల్లో వేయలేదు. డైరెక్టరు గారు ఇంకో కథ చెప్పి పంపితే, పరీక్షలున్నాయంది. ఇప్పుడు నూజివీడులో డిగ్రీ చదువుతోంది. పోయిన వేసవిలో తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చింది. మాటల్లో ఆ సినిమా సంగతి వచ్చి, ఫోన్లో పెట్టుకుని చూశారు. ఆ ఏడుపు ఘట్టం తండ్రి అప్పటిదాకా చూడలేదట. చిన్నరసం దాన్ని చూసి, తన రెండు జడలు చూసుకుని నవ్వుతోంది. ఆయన మధ్యలో లేచి, మొక్కలకి నీళ్ళు పెట్టారా అంటూ వాకిట్లోకి వెళ్ళి, చాలాసేపు లోపలికి రాలేదు.

వాళ్ళు వెళ్ళాక నేను ఢిల్లీ ఫొటో వెతికి తీశాను. హాలు బయట మెట్లమీద తీసింది. తల్లీబిడ్డలు తలలు వంచి మెడల్ చూసుకుంటున్నారు. పక్కన నేను, పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని, గడ్డం పైకెత్తి, నేరుగా కెమెరాకేసి చూస్తున్నాను. అవార్డు ఎవరికొచ్చిందని తెలియనివాళ్ళనడిగితే తడుముకోకుండా నన్నే చూపిస్తారు. ఫొటోలోని ఆ ఇరవై మూడేళ్ళ టీచరమ్మాయిని చూస్తే ఇప్పుడు కోపం రాదు. దగ్గరికి పిలిచి, ఆ భుజం మీది పిన్ను కాస్త సర్ది, నువ్వూ ఆ మెడల్ వైపే చూడవే అని చెప్పాలనిపిస్తుంది.