క్లూ అంటే దారపు ఉండ

ఆదోని బజారులో కొన్న మిఠాయి పొట్లానికి చుట్టిన నూలుదారాన్ని నేను తెంచను. కొస వెతికి, ముడి విప్పి, వేలికి చుట్టుకుంటూ వస్తాను. ఆ గరుకు వేలికి తగిలినప్పుడల్లా ఈరన్న సార్ గుర్తొస్తారు. ఆయన పోయి ఏడాది దాటింది.

ఎమ్మిగనూరు హైస్కూల్లో ఆయన మాకు ఇంగ్లీషు చెప్పారు. నేతవాళ్ల ఇంట్లో పుట్టిన మనిషి. ఇంట్లో గుంత మగ్గం మీద భార్య రంగమ్మగారు చీరలు నేసేవారు. సెలవు రోజుల్లో ఆయన కూడా ఆమె పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేవారు. ఒకరోజు జవాబు తెలియక మేమంతా "సార్, ఒక్క క్లూ ఇయ్యండి సార్" అని బతిమాలితే, జేబులోంచి దారపు ఉండ తీసి బల్ల మీద పెట్టారు.

"ఇదే క్లూ. అడిగినారు కదా, తీసుకోండి."

మేం నవ్వాం.

"నవ్వొద్దండప్పా. ఇంగ్లీషోళ్ల పాత మాటల్లో క్లూ అంటే దారపు ఉండే. గ్రీకోళ్ల కథలో ఒకడు చిక్కుదారుల కోటలోకి పోతా, వాకిట్లో దారం కట్టి ఉండ విప్పుకుంటా పోయినాడు. పని అయినాక అదే దారం పట్టుకొని బయటికి వచ్చినాడు. ఆ కథ సెప్పుకోంగ సెప్పుకోంగ, దారి సూపే దేన్నైనా క్లూ అన్నారు."

"దారం తెగితే సార్?" అన్నాడు వెనక బెంచీ వాడు.

"తెగితే నీ మాదిరే ఆడే కూసుంటాడు, ఏండ్లకేండ్లు అదే తరగతిలో."

ఆయన జవాబు చెప్పేవారు కాదు. కొస చేతికిచ్చి నడక మాకే వదిలేసేవారు. ఆదోనిలో నేనూ టీచరునయ్యాక అదే పాటించాను.

రంగమ్మగారు చనిపోయాక సార్‌కు మతిమరుపు వచ్చింది. చూడ్డానికి వెళ్తే, ఆయన కూతురు సుజాత వాకిట్లోనే నన్ను ఆపింది. "అన్నా, అమ్మ యాడికి పోయిందని అడుగుతాడు. సచ్చిపోయిందంటే అప్పుడే ఇన్నట్లు ఏడుస్తాడు, రోజూ కొత్తగా. అంగడికి పోయిందని సెప్పు."

ఆయన అడగనే అడిగారు. ఆయన ముందు అబద్ధం నాకు నోటికి రాలేదు.

"ఏమప్పా, సెప్పలేవా? పోనీ, క్లూ ఇయ్యి."

"మగ్గం దిక్కు సూడండి సార్."

మగ్గం మీద సగం నేసిన చీర, దాని మీద దుమ్ము. ఆయన చాలాసేపు చూశారు.

"సగం గుడ్డ ఇడిచిపెట్టి ఏ ఊరికీ పోయేది కాదు ఆమె," అన్నారు. "అయితే ఇంక లేదు."

ఏడవలేదు. నా చెయ్యి పట్టుకున్నారు. "మళ్లా అడిగితే ఇయ్యొద్దప్పా. ఈ దారి నేను మళ్లా నడవలేను."

మళ్లీ వెళ్లేసరికి సుజాత మగ్గం మీద దుప్పటి కప్పేసింది. ఆయన అదే అడిగారు. "క్లూ అయినా ఇయ్యప్పా," అన్నారు, చెయ్యి చాపి.

"అంగడికి పోయింది సార్."

"ఇంత ఎండలో పోయింది సూడు," అని, ఆ సాయంత్రమంతా వాకిలి వైపే చూస్తూ కూర్చున్నారు.

క్లాసులో పిల్లలు క్లూ అడిగితే ఇప్పటికీ ఇస్తాను. ఇచ్చే ముందు మాత్రం, అది వాళ్లను ఎక్కడికి తీసుకెళ్తుందో ఒకసారి చూసుకుంటాను.