కిరాయి పేషెంట్లు

దీవెన చేతులు పొడుగు. చిన్నప్పుడు తల్లాడలో వాళ్లమ్మ విశ్రాంతమ్మ, నీవి గాజులు తొడగడానికి కాదు, చింతకాయలు కోయడానికి పుట్టిన చేతులే అని నవ్వేది. పశువైద్యం చదవడానికి వెళ్లాక ఆ చేతులకు తమ పని దొరికింది. ఈనలేక అవస్థ పడే బర్రె కడుపులోకి భుజం దాకా చేయి పోనిచ్చి, కళ్లు మూసుకుని, దూడ ముక్కు ఎక్కడుందో, గిట్ట ఎటు మడతపడిందో వెతికేది. లోపలి చీకటి వెచ్చగా, మెత్తగా, ఇంకా పేరు పెట్టని ఊరులా ఉండేది.

ఇప్పుడు ఆమె ములకలపల్లి దాటాక టేకు చెట్ల మధ్య ఉన్న విశ్వవిద్యాలయపు పశువైద్య విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్. పొద్దున పాఠం, పగలు వైద్యం, సాయంత్రం బర్రెలు చూడి ఎందుకు నిలవడం లేదన్న పరిశోధన. పేడ, చీము, ఈనాక పడే మాయ ఆమె రోజులో భాగం. ఇంటికెళ్లి నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని, అదే చేత్తో పప్పన్నం కలుపుకునేది. ఆమెకు రోత పుట్టించినవి వేరే.

కొంతకాలంగా విభాగానికి పశువులు రావడం తగ్గింది. మందులు బయట కొనుక్కోమంటే, రేపు రమ్మని తిప్పి పంపితే తండాల నుంచి ఎవరొస్తారు? ఇంతలో గుర్తింపు కోసం తనిఖీ బృందం వస్తోందని కబురు. రోగులు లేని ఆసుపత్రిని ఎలా చూపించడం? విభాగాధిపతి వెంకటరామారావు చుట్టుపక్కల ఊళ్ల నుంచి బర్రెలను కిరాయికి తెప్పించాడు.

నిగనిగలాడే బర్రెలవి. లారీ దిగి, వార్డులో వరుసగా నిలబడి, చుట్టాలింటికి వచ్చినట్టు తీరిగ్గా నెమరు వేశాయి. మంచి కాళ్లకు కట్లు కట్టారు. మెడల దగ్గర సెలైన్ గొట్టాలను టేపుతో అంటించారు. టేపు కింద సూది లేదు. స్టోరులో ఉన్న బాటిళ్లన్నీ అక్కడే వేలాడుతూ ఎండకు మెరిశాయి, పెళ్లి పందిరికి కట్టిన బల్బుల్లాగా. ఒక్కో బర్రె పక్కన తెల్లకోటుతో ఒక్కో విద్యార్థి. దీవెన నిన్ననే అభ్యంతరం చెప్పింది. అన్నిచోట్లా ఇంతేనమ్మా, పిల్లల సీట్లు పోతే నీకు సంతోషమా అన్నాడాయన.

బృందం కార్లు వచ్చిన కాసేపటికే గేటు దగ్గర ట్రాలీ ఆటో ఆగింది. వాచ్‌మన్ ముక్కు మూసుకుని పక్కకు జరిగాడు. ట్రాలీలో ఒక బర్రె, దాని తలను ఒళ్లో పెట్టుకుని అడవి అవతలి తండా మనిషి జమ్లి. దూడ కడుపులోనే చచ్చి కుళ్లింది. ఉబ్బిన కాలొకటి బయటికి వేలాడుతోంది. వెంకటరామారావు పరుగున వచ్చాడు.

"ఇప్పుడు కాదు. వెనక్కి పంపించేయండి. వాళ్లు భోంచేసి వెళ్లాక చూద్దాం."

"గంతదాకా ఉండదు సారూ," అంది జమ్లి. "గా కండ్లు చూడుండ్రి."

"కేసులు కావాలని ఊళ్లన్నీ తిరిగింది మీరే గద సార్. వచ్చింది ఒకటి," అంది దీవెన.

"ఇది కంపు కొడుతోందమ్మా."

ఆమె ఆటోను వెనకవైపు చెట్టు నీడకు మళ్లించింది. ఓ బొమ్మ పేషెంటు పక్కన నిలబెట్టిన సాయిప్రియ అనే విద్యార్థినిని పిలిచింది.

సబ్బునీళ్లు పోసి చేయి లోపలికి పెట్టగానే దూడ వెంట్రుకలు గుప్పెడు గుప్పెడుగా ఊడివచ్చాయి. గాలి నిండిన చర్మం వేళ్ల కింద కరకరలాడింది. ఈసారి ఆ చీకటిలో ఎవరూ లేరు. దూడను అలాగే లాగితే తల్లి చీరుకుపోతుంది. తీగరంపం లోపలికి పంపి, కోసి, ముక్కలుగా తీయాలి. మొదటి ముక్క బయటపడగానే సాయిప్రియ గోడ వైపు తిరిగి వాంతి చేసుకుంది. మూతి తుడుచుకుని మళ్లీ వచ్చి బకెట్ పట్టుకుంది. జమ్లి తండా భాషలో బర్రెతో ఏదో చెబుతూనే ఉంది. ఆమె మాత్రం ముక్కు మూసుకోలేదు.

ఆఖరి ముక్క వచ్చేసరికి బర్రె మెడ వాల్చేసింది. చెవులు చల్లబడ్డాయి. వెంటనే సెలైన్ ఎక్కించకపోతే దక్కదు. సాయిప్రియ స్టోరుకు పరుగెత్తి ఒట్టి చేతులతో తిరిగొచ్చింది.

"అన్నీ వార్డులనే ఉన్నయ్ మేడం. సార్ ముట్టొద్దన్నరు."

మోచేతుల దాకా నల్లటి జిగురుతో దీవెన వార్డులోకి నడిచింది. వెంకటరామారావు కట్టు కట్టిన కాలు చూపిస్తూ విరిగిన ఎముక గురించి వివరిస్తున్నాడు. బృందంలోని వాళ్లు రుమాళ్లు తీశారు. ఆమె ఎవరి వంకా చూడలేదు. ఒక బాటిల్ లాగింది. టేపుతో పాటు నాలుగు వెంట్రుకలు ఊడొచ్చి బర్రె బుస్సుమంది. ఇంకొకటి లాగింది, మరొకటి. సూదిలేని గొట్టాలు గాలిలో ఊగాయి.

బృందంలోని పెద్దాయన ఆ గొట్టం కొసను చూశాడు. ఆమెను చూశాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు.

"నాటుకోడి అన్నారు కదా రావుగారూ. చల్లారిపోతుందేమో."

అందరూ హాయిగా నవ్వారు. బయటపడుతుందనుకున్న మోసం వాళ్ల పళ్ల మధ్య మెత్తగా నలిగిపోయింది. దీవెన బాటిళ్లు గుండెకు హత్తుకుని బయటికి వచ్చింది.

బర్రె మెడనరంలో సూది దిగింది. ఒక బాటిల్ అయింది, రెండోది పెట్టారు. జమ్లి వార్డు కిటికీలోంచి లోపలి బర్రెలను చూస్తూ మెల్లగా అడిగింది.

"వాళ్ల బర్రెలయి గుంజుకొచ్చినవా మేడం? పాపం, గవి ఏమైతయో."

"గవి మంచిగనే ఉన్నయ్ జమ్లక్కా."

"మరి కాళ్లకు గా కట్లేంది?"

దీవెన గొట్టం సరిచేసింది. సాయిప్రియ తల దించుకుని, పెద్ద సార్లకు చూపెట్టనీకె అంది.

"వాళ్లు గూడ డాక్టర్లే గద. తెల్వదా వాళ్లకు?"

"తెలుసు," అంది దీవెన.

అతిథిగృహం వైపు నుంచి మసాలా వాసన వచ్చింది. బర్రె ముందుకాళ్లు కూడదీసుకుంది. ముగ్గురూ భుజాలు ఆనించారు. వణుకుతూ లేచి నిలబడింది. కడుపులో మిగిలిన మురికంతా దీవెన పాదాల మీద కుమ్మరించింది. ఆమె పాదాలు తీయలేదు.

రేపు, ఎల్లుండి గర్భసంచి కడగాలని, అందాకా ఇక్కడే ఉంచాలని చెప్పింది. ఎక్కడ కట్టేయాలని జమ్లి చుట్టూ చూసింది.

"వార్డుల కట్టేద్దాం అక్కా. పొద్దుమూకేసరికి అంత ఖాళీ అయితది."