ఎలుగుబంటి నోట్లో నాలుగు చుక్కలు

మూడేళ్ల క్రితం గుమ్మఘట్ట దగ్గర మోరీ పక్కన చచ్చిపోయిన ఎలుగుబంటి గురించి నేనిచ్చిన రిపోర్టు అబద్ధం. పశువుల డాక్టరుగా దాని కింద సంతకం పెట్టింది నేనే. కాబట్టి నిజం రాయాల్సింది కూడా నేనే.

ఎండాకాలం. పొద్దున్నే ఊళ్లోకి వచ్చిన ఎలుగుబంటిని జనం తరిమితే అది రోడ్డు కింద నీళ్లు పారే మోరీలో దూరింది. నేను జీపు దిగేసరికే గట్టు మీద రెండు ఊళ్ల జనం. కొందరు తెలుగులో తిడుతున్నారు, కొందరు కన్నడంలో.

మత్తు సూది కొట్టాక చేయాల్సిన పని ఒకటే, ఊరుకోవడం. పావుగంటైనా చప్పుడు లేకుండా ఆగాలి. జంతువు బెదిరితే మత్తు ఎక్కడం ఆలస్యమవుతుంది, అంతేగానీ మందు పనిచేయలేదని కాదు. కొత్తవాళ్లకు ఈ మాట నేనే చెప్పేవాణ్ని.

సూది తొడలో దిగింది. ఐదు నిమిషాలకే గట్టు మీద నుంచి ఒకడు అరిచాడు.

"ఏమప్పా డాక్టరూ, అది నిద్రపోతాందా, నువ్వు నిద్రపోతాండావా?"

"ఆ సూదిలో మందుండాదో, బోరు నీళ్లుండాయో!"

నవ్వులు. ఎవరో మోరీలోకి రాయి విసిరారు. లోపల ఎలుగుబంటి గుర్రుమంది. నా పక్కనున్న అటవీ సిబ్బంది ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. నాకే ఒళ్లు మండింది. ఏడో నిమిషంలో రెండో సూది కొట్టాను.

రెండు సూదుల మత్తూ ఒకేసారి ఎక్కింది. బయటికి లాగి, మెడ వంగకుండా సర్ది, కళ్లకు గుడ్డ కట్టాను. దాని ఒళ్లు కాలిపోతోంది. నీళ్లు తెమ్మని అరిస్తే గట్టు మీద ఒక్కరూ కదల్లేదు. పక్క చేను ముసలి రైతు మాత్రం, ట్యాంకరు వచ్చినప్పుడు పట్టుకున్న నీళ్లు రెండు బిందెలు మోసుకొచ్చాడు. నేను చెప్పినట్టే పొట్ట మీద, అరికాళ్ల మీద పోశాడు. నోటి దగ్గరికి చుక్క పోనీయలేదు. నేను విరుగుడు సూది వేశాను. ఊపిరి సన్నగిల్లి, ఆగిపోయింది. గుండె కూడా ఆగిందని తేల్చుకున్నాకే చెవుల్లోంచి స్టెతస్కోపు తీశాను.

అప్పుడా పెద్దాయన బిందె అడుగున మిగిలిన నీళ్లలో వేళ్లు ముంచి, దాని నోట్లో నాలుగు చుక్కలు వేశాడు. ఇంట్లో ఎద్దు పోయినా అలాగే వేస్తాడట. ఎవరో ఫోనులో సరిగ్గా అదే తీశారు.

పై అధికారి గద్దించి అడిగితే నేనా వీడియో చూపించాను. మత్తులో ఉన్న జంతువు నోట్లో రైతు నీళ్లు పోశాడని, దానికి ఊపిరాడలేదని రాశాను. రెండో సూది కొట్టిన సమయం మార్చాను. ఆయన మీద కేసు పెట్టారు. ఊళ్లో పశువుకు జబ్బు చేస్తే నాకంటే ముందు ఆయన్నే పిలిచేవాళ్లు. ఆ పిలుపు ఆగిపోయింది.

మొన్న కార్యాలయంలో నిజం రాసిచ్చి, నకలు పట్టుకుని ఆయన చేనికి పోయాను. నేను చదివినంతసేపూ ఆయన పార ఆపలేదు.

"నాకెందుకు చదువుతాండావు? నాకు తెలీదా? హోటలు కాడ నిలబడి చదువు, పో."

పోయి చదివాను. టీ గ్లాసులు పట్టుకుని విన్నారు.

"మూడేండ్లు నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావేమప్పా?" అన్నాడొకడు.

"ఆ పొద్దు గట్టు మీద అరిచినోడివి నువ్వే గదరా," అన్నాడు వాడి పక్కనున్నవాడు.

తిరిగొచ్చి చదివానని చెప్పాను. మిట్టమధ్యాహ్నం. నాలుక పిడచకట్టుకుపోయింది. గట్టున బిందె ఉంది. మా సీమలో పగవాణ్నయినా నీళ్లియ్యకుండా పంపరు. నేను బిందె వైపు చూడడం ఆయన చూశాడు.

"నా చేతి నీళ్లకు ఎలుగ్గొడ్డు సచ్చిందని రాసినావు గదా సారూ," అన్నాడు. "కేసు కొట్టేసినంక రా. ఇస్తా."

బిందె మీద మూత పెట్టి, మళ్లీ పార అందుకున్నాడు.