గుంపులోనూ స్పష్టంగా

రెండేళ్లపాటు నా పని పేజీలు చదివి మార్కులు వేయడం. ఏదైనా వస్తువు కొనబోయేవాళ్లు ఇంటర్నెట్‌లో వెతికితే సలహాలిచ్చే పేజీలు వస్తాయి కదా, ఏ మిక్సీ మంచిది, ఏ వాటర్ ఫిల్టర్ ఎన్నాళ్లు మన్నుతుంది అని, అవే. సీతాఫల్‌మండిలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని కంప్యూటర్‌లో ఒక్కో పేజీ తెరిచేదాన్ని. పక్కనే నాకీ పని ఇచ్చిన కంపెనీ పంపిన ప్రశ్నల పట్టిక ఉండేది. రాసిందెవరో చెప్పారా? ఎప్పుడు రాశారో ఉందా? అమ్మేవాళ్లే రాసుకున్నారా? మామూలు మనిషికి ఒక్కసారి చదివితే అర్థమవుతుందా? టిక్కులు పెట్టి, కింద ఒక అంకె వేసి, తరువాతి పేజీకి పోవడమే. ఆ వస్తువు నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్న మాత్రం పట్టికలో లేదు. మేము చూడాల్సింది పేజీని, వస్తువును కాదు. పేజీ కింద జనం రాసే అభిప్రాయాలను లెక్కలోకి తీసుకోవద్దని కూడా షరతు.

మొదట్లో ఉత్సాహంగానే చేశాను. అబద్ధాల పేజీ చిక్కితే దొంగను పట్టుకున్నంత సంబరం. సున్నా వేసి లేచి టీ పెట్టుకునేదాన్ని. ఆరు నెలలకు ఆ సంబరం పోయింది. ఏడాదికి కోపం కూడా పోయింది. గ్రైండర్ గురించి రాసినా, గుండె మందుల గురించి రాసినా ఒకే చూపుతో చూసి ఒకే వేగంతో టిక్కులు పెట్టేదాన్ని. మొద్దుబారిపోయాను. చదవడంలోనే కాదు, ఇంట్లో కూడా అంతే. ఎవరేం చెప్పినా తల ఊపేదాన్ని, లోపల ఏమీ కదిలేది కాదు.

మా అక్క నాతోనే ఉంటుంది. బావ పోయాక వచ్చేసింది. వీధి మొదట్లో కూరగాయల బండి పెడుతుంది. పొద్దున్నే ఆటోలో బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోయి, హర్రాజులో, అంటే వేలంలో, సరుకు పాడుకుని తెస్తుంది. అక్కడ ధర అరిచేవాడు ఒక్క క్షణం ఆగడు. చెవిన పడగానే మనం పై ధర అరవాలి, లేకపోతే ట్రేలు ఇంకొకరి పాలవుతాయి. అరవై రాకముందే అక్కకు వినికిడి తగ్గింది. మార్కెట్‌కు పోలేకపోతే బండి ఉండదు. బండి లేకుండా ఆమె ఇంట్లో కూర్చోవడం నేను ఊహించుకోలేను, ఆమె అసలే ఊహించుకోలేదు.

"చెవి మిషన్ తెచ్చుకోవాలె. ఏది మంచిదో జెర నువ్వే చూసి చెప్పు. నీ కొలువే గది కద" అన్నది ఒకరోజు అన్నం తింటూ.

పెద్దగా వెతకలేదు. చెవి మిషన్ల మీద నేనే మార్కులు వేసిన పేజీ ఒకటి గుర్తుంది. దాదాపు పూర్తి మార్కులు. దాన్నే మళ్లీ తెరిచాను. రాసినవారి పేరు, చదువు, తేదీ, మిషన్లను పక్కపక్కన పెట్టి పోల్చిన పట్టిక, అన్నీ ఉన్నాయి. ఒక మిషన్ ఎదురుగా "గుంపులోనూ స్పష్టంగా" అని రాసి ఉంది. అదే తెప్పించాను. ముందు చెవుల డాక్టర్‌తో పరీక్ష చేయించుకోవాలని కూడా ఆ పేజీలోనే ఉంది. ఆ మంచి మాటకు అప్పట్లో ఒక టిక్కు పెట్టాను. అక్కను డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలని మాత్రం తోచలేదు.

మిషన్ వచ్చిన రోజు నేనే అక్క చెవిలో పెట్టి, వంటింట్లోకి పోయి పిలిచాను. పలికింది. టీవీ శబ్దం తగ్గించింది. "మంచిగ ఇనొస్తుందే" అని నవ్వింది. తల ఊపి, వచ్చి నా పనిలో కూర్చున్నాను.

ఐదారు నెలలయ్యాక, నాకు పని లేని ఒక ఉదయం అక్కకు తోడుగా మార్కెట్‌కు పోయాను. ఆటో దిగగానే అక్క చెవిలోంచి మిషన్ తీసి, చేతిరుమాలులో చుట్టి, రొంటిన దోపుకుంది. తరువాత జనాన్ని తోసుకుంటూ పోయి ధర అరిచేవాడికి సరిగ్గా ఎదురుగా నిలబడి, అతని నోటి వంకే చూస్తూ ఉండిపోయింది. పక్కన నిలబడ్డ, ఇంకో బండి పెట్టుకునే ఆమె, ధర పెరిగినప్పుడల్లా అక్క మోచేయి నొక్కుతోంది. ఆమె కూడా సరుకు పాడుకోవడానికి వచ్చిన మనిషే. తనకు కావలసిన సరుకు పాటకు వచ్చినప్పుడు ఆమె అక్క చేయి వదిలేసింది. ఆ కాసేపట్లో మంచి టమాటాలు పోయాయి. మెత్తబడ్డవి మిగిలాయి. అక్క అవే తీసుకుంది.

బయటికొచ్చి అక్క మళ్లీ మిషన్ పెట్టుకున్నాక అడిగాను, ఎందుకు తీశావని.

"గుంపుల పెట్టుకుంటే అంత ఒకటే హోరు. లారీలు, ట్రేలు, మనుషులు, అన్ని కలిసి మీద పడ్డట్టుంటది. షురూ నుంచి గింతే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"అన్ని చదివి నువ్వు మంచిదంటివి. నా చెవులే మొత్తం ఖరాబైనయనుకున్న."

ఇంటికొచ్చి ఆ పేజీ తెరిచాను. తప్పు పట్టాలనే ఉద్దేశంతో ప్రశ్నల పట్టిక పక్కన పెట్టుకుని మళ్లీ మార్కులు వేశాను. మళ్లీ దాదాపు పూర్తిగా వచ్చాయి. అప్పుడు కిందికి, జనం రాసిన అభిప్రాయాల్లోకి పోయాను. ఒకావిడ రాసింది ఉంది. "ఇంట్ల మంచిగుంది. చేపల మార్కెట్ల పెట్టుకుంటె ఏం సమజైతలేదు, మొత్తం హోరు, తీసి దాస్తున్న." పేరు లేదు, తేదీ లేదు. కానీ అది కొత్తగా వచ్చింది కాదు. మార్కులు వేసిన రోజునే నా కంట పడింది, షరతు ప్రకారం వదిలేశాను. అక్క కోసం తెరిచిన రోజున మళ్లీ కంట పడింది. ఆ రోజు నాకు ఏ షరతూ లేదు. అయినా వదిలేశాను. సిగ్గేసింది. ఏడాదిలో నాకు ఏదైనా అనిపించింది అదే మొదటిసారి.

అక్క మిషన్ తీసి డబ్బాలో పెట్టి, నా వెనక నిలబడింది. "ఏం రాసిన్రు?" అని అడిగింది. ఆమె చెవి దగ్గరికి వంగి గట్టిగా చదివి వినిపించాను. అక్క ముఖం విచ్చుకుంది.

"అగో, గామెకు సుత నాలెక్కనే! అయితే తప్పు నా చెవులది కాదన్నట్టు." నా భుజం మీద చెయ్యి వేసింది. "ముందుగాల నీకు కనవడకపాయె. నువ్వు మాత్రం ఏంజేస్తవ్ తియ్యి."

"కనవడ్డదక్కా. చూసే వదిలిపెట్టిన" అన్నాను, మామూలు గొంతుతో.

"ఆఁ? ఏందీ?" అంటూ చెవి నా నోటి దగ్గరికి తెచ్చింది.

మళ్లీ చెప్పాలంటే పక్కింటికి వినపడేలా అరవాలి.  ఏం లేదని చేత్తో సైగ చేశాను. ఆ సైగ మాత్రం ఆమెకు వెంటనే అర్థమైంది.