ఫోనులో వచ్చే రాహుకాలం

పోయిన శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు, కల్లూరులో మా వీధి ఆంజనేయస్వామి గుడి అయ్యవారు కాలం చేశారు. పంచాంగం తిరగేశాను. నట్టనడి రాహుకాలం. ఆ వేళలో కొత్త చీపురు కూడా కొననివ్వని మనిషి, అంత పెద్ద ప్రయాణానికి ఎలా బయల్దేరారో ఆయనకే తెలియాలి. ఏడవడం ముగిశాకే ఈ మాట రాస్తున్నాను కాబట్టి పాఠకులు క్షమిస్తారని ఆశ.

ఆయన దగ్గర తీర్థం ఊరికే దొరికేది కాదు. చేయి చాచిన ముసలివాళ్ల ముందు ఉద్ధరిణె గాల్లోనే ఆపి అడిగేవారు: "ఈ వారం ఎవురన్నా ఫోన్ జేసి దుడ్లడిగినారా?" జవాబు చెప్పాకే తీర్థం. లాటరీ తగిలిందన్న ఫోన్లు, కరెంటు పీకేస్తామన్న ఫోన్లు, అన్నిటి కథలూ స్వామి సన్నిధిలోనే విచారణకు వచ్చేవి. స్వామి ఏనాడూ ఆక్షేపించలేదు.

ఇదంతా ఒక రిటైర్డు పోస్టుమాస్టరు వల్ల మొదలైంది. పోలీసులమని ఎవరో బెదిరిస్తే దాచుకున్నదంతా పంపేసి, సిగ్గుతో గుడికి రావడం మానేశాడాయన. అయ్యవారే వాళ్లింటికి వెళ్లి పక్కన కూర్చున్నారు. "మోసం జేసినోనికి లేని సిగ్గు నీకేంటికప్పా?" అని, వెంటబెట్టుకొని స్టేషనుకు నడిచారు. డబ్బు తిరిగి రాలేదు. పోస్టుమాస్టరు మాత్రం గుడికి తిరిగొచ్చాడు.

ఆ వారమే అయ్యవారు మసీదు హజరత్‌గారినీ, చర్చి పాస్టరుగారినీ టీకి పిలిచారు. ఇంజనీరింగు చదివానని నన్ను సలహాదారుగా కూర్చోబెట్టారు. సలహా ఎవరూ అడగలేదు.

"దొంగకుండే బలం ఒగటే సాబూ, తొందర. మనోళ్లు రోంతసేపు ఆగితే చాలు. మావాళ్లు రాహుకాలమంటే ఆగుతారు. మీవాళ్లు?" అని హజరత్‌ను అడిగారు అయ్యవారు.

"నమాజు జేసుకొని చెప్తామంటే సరిపాయ అయ్యవారూ," అన్నారు హజరత్.

"మావాళ్ల ప్రార్థన అయిపోయేలోపల వాడే ఫోను పెట్టేస్తాడులే," అన్నారు పాస్టరు.

ఫోన్లో ఎవరు డబ్బడిగినా ముందు మా దగ్గరికి రండని మూడుచోట్లా చెప్పాలని ఒప్పందం కుదిరింది. రాహుకాలం కాని వేళ ఫోనొస్తే ఎట్లా అని నేను తెలివిగా అడిగాను. "ఫోన్లో దుడ్లడిగితే ఆ గడియే రాహుకాలంరా," అన్నారు అయ్యవారు.

కొన్నాళ్లకు మా అవ్వకు వీడియో ఫోనొచ్చింది. తెర మీద యూనిఫాం మనిషి. మనవడు గంజాయి కేసులో దొరికాడు, విడిపించాలంటే ఇప్పుడే డబ్బు పంపాలి, ఎవరికీ చెప్పకూడదు, ఫోన్ పెట్టేయకూడదు. ఆ మనవణ్ణి నేనే. ఆ సమయానికి డోన్‌లో ఉగ్గాని తింటున్నాను. అవ్వకేం తెలుసు? తాత పోయాక ఆమెకున్న ఆధారమంతా ఆ ఖాతాలోనే ఉంది.

"ఇప్పుడు రాహుకాలం సామీ. అయ్యవార్ని అడిగి పంపిస్తా."

"చట్టానికి రాహుకాలం ఉండదమ్మా."

"చట్టానికి లేకుంటే పోనీలే. నాకుండాది."

పెట్టేయకూడదన్నాడు కాబట్టి పెట్టేయలేదు. ఫోను పట్టుకొనే గుడికి నడిచింది. అయ్యవారు అందుకొని ఎంతో మర్యాదగా, "అరెస్టుకు ముహూర్తం పెడతా నాయనా, నీ నక్షత్రం చెప్పు," అన్నారు. యూనిఫాం మాయమైంది.

వెంటనే నాకు ఫోన్ చేశారు. "యాడుండావురా? మీ అవ్వతో ఒగ మాట మాట్లాడు." నా గొంతు విని అవ్వ, "అన్నం తింటివా?" అని మాత్రం అడిగింది. అయ్యవారు ఆమె చేతిలో తీర్థం పోశారట. ఆ రోజు ప్రశ్న అడగలేదట.

ఇక ఈ పని ఎవరు చూస్తారని ఆయన పోయాక దిగులుపడ్డాం. మొన్న సాయంత్రం పెద్దవాళ్లంతా గుడి వసారాలో కూర్చున్నారు. పరామర్శకు హజరత్‌గారూ పాస్టరుగారూ వచ్చారు. అవ్వ ఫోను మోగింది. తెలియని నంబరు. ఆమె స్పీకరు పెట్టి అందరి మధ్యా ఉంచింది.

"అమ్మా, ఇంట్లో మీరు ఒక్కరే ఉన్నారా?" మెత్తటి గొంతు.

అవ్వ చుట్టూ చూసింది. "లేదప్పా. శానా మందిమి ఉండాం. చెప్పు."

టోపీ, బట్టతలలు, నెరిసిన కొప్పులు, అన్నీ ఆ చిన్న వెలుగు మీదికి వంగాయి. అవతల గొంతు గుటక మింగడం వసారా అంతా వినిపించింది.