అలకని వంటిల్లు

నా చిన్నప్పుడు మా ఊళ్లో మనుషులు నోరు తెరిచే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేవాళ్లు. నైజాం పాలనకు అదే చివరి వానాకాలం. పోలీసులూ కాని, పటాలమూ కాని ఖాకీ బట్టల మనుషులు బరిసెలు, తుపాకులు పట్టుకొని పల్లెల మీద పడుతున్నారు. ఎవరింట్లో ఎవరున్నారో వాళ్లకు చేరవేస్తున్నది ఎవరన్నదే అందరి గుబులు. మా తాత నల్లగొండలో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా చేసి వచ్చాడు. ఉర్దూ చదివేవాడు. ఆ ఒక్క కారణానికే ఊరు ఆయన్ని సగం అనుమానించేది.

ఒక మధ్యాహ్నం వాన వెలిసిన కాసేపటికి పక్కింటి అక్క కేక వినపడింది. ఆమె వంటింట్లో మిరపకాయలు దంచుతోంది. ఆమె మొగుడిని వెతుక్కుంటూ ఆ ఖాకీవాళ్లలో ఒకడు నేరుగా పొయ్యి దాకా వచ్చి, ఆమె మీదికే బరిసె ఎత్తాడు. అక్క గుప్పెడు కారం వాడి కళ్లలో కొట్టి, రోకలితో మోకాలి మీద ఒక్కటి వేసింది. వాడు కూలబడ్డాడు. బరిసె దూరంగా పడింది. మేం చేరేసరికి ఆమె మొగుడు పెరట్లోంచి గొడ్డలితో ఉరికి వస్తున్నాడు. మా తాత అతని చెయ్యి పట్టుకున్నాడు.

"పడ్డోడు ఇగ నిన్నేం జేస్తడురా? ఇప్పుడు నువ్వేసే దెబ్బ కాపాడుకునేది గాదు, సంపేది. కోర్టుల గా రెండిటికి పేర్లు వేరే."

ఇంతలో పడ్డవాడి తోటివాళ్లు ఇద్దరు వచ్చారు. గుమిగూడిన జనాన్ని చూసి తగ్గారు. తాత వాళ్లతో ఉర్దూలో ఏదో చెప్పాడు. వాళ్లు తమ మనిషిని మోసుకుపోయారు.

అక్క అత్త పేడనీళ్ల కుండ తెచ్చింది. తాత వంటింటి గడపకు అడ్డంగా కూర్చున్నాడు.

"బూట్లతోని పొయ్యి కాడికి వచ్చిండు. మైలవడ్డ ఇల్లు అలకొద్దంటవా అన్నా? వాళ్లతోని ఏం గుసగుసలాడినవ్?"

"ఠాణా అమీన్ సాబ్‌కు ఫిర్యాదు జేసుకొమ్మన్న."

"నువ్వే జెప్పినవా! ఇంతకు నువ్వు ఎవల మనిషివి?"

"ఫిర్యాదు జేస్తే అమీన్ వస్తడు. చెయ్యకుంటే వీళ్లే మల్లొస్తరు. ఎవలు రావాల్నో నువ్వే జెప్పు."

ఆమె నమ్మలేదు. ఊరూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. ఆ సాయంత్రం తాత పిలిచినా నేను పలకలేదు.

మరునాడు పొద్దున అమీన్ వచ్చాడు. తమ మనిషి బాట మీద నిలబడి మంచినీళ్లు అడిగితే కళ్లలో కారం కొట్టి పదిమంది కలిసి బాదారని ఆ ఖాకీవాళ్ల ఫిర్యాదు. అక్కను పట్టుకుపోవడానికే వచ్చాడాయన. తాత రాత్రంతా కూర్చున్న గడప మీంచి లేచి పక్కకు జరిగాడు. వంటింటి మట్టి నేల మీద మేకుల బూట్ల బురద అడుగులు పొయ్యి దాకా ఉన్నాయి. వాటి మీద కారం చల్లినట్టు పడి ఉంది. బరిసె పడ్డచోటే ఉంది. అమీన్ చాలాసేపు చూసి అక్కవైపు తిరిగాడు.

"ఎన్ని దెబ్బలు కొట్టినవ్?"

"ఒక్కటే సాబ్."

"రెండోది ఎందుకు కొట్టలే?"

"పడ్డడు గద సాబ్. ఇంకెందుకు?"

అమీన్ అదే రాసుకున్నాడు. ఆమె వేలిముద్ర తీసుకొని వెళ్లిపోయాడు. అక్క ఇంట్లోనే మిగిలింది.

ఆనాటి నుంచి మైల అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. శుద్ధి పేరుతో ఆ ఇంటివాళ్లే తమ సాక్ష్యాన్ని పేడనీళ్లతో తుడిచేయబోయారు. అయితే ఆ అమీన్ న్యాయం మీద కూడా నాకు పూర్తి నమ్మకం లేదు. అదే వంటిల్లు ఊరి బయటి వాడలో ఉంటే ఆయన గడప దాకా వచ్చి లోపలికి చూసేవాడా? పెద్దయ్యాక తాతను అడిగాను. "చూసేటోడు గాదు" అన్నాడు.

ఇప్పటికీ ఎవరైనా ప్రాణం కాపాడుకోవడానికే కొట్టామంటే, ఎదుటివాడు పడ్డాక మీరేం చేశారని అడుగుతాను. చెప్పేవాళ్లు నావాళ్లయితే రెండుసార్లు అడుగుతాను.